గోధుమ మానేసినా విరేచనాలు తగ్గకపోతే

మా తమ్ముడికి సీలియాక్, అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు. చెన్నై వేళచ్చేరిలో మా ఇంట్లోకి గోధుమ పిండి రానివ్వం. ఏడాదిపాటు గట్టిగా పథ్యం చేసినా విరేచనాలు, బరువు తగ్గడం ఆగకపోతే రిఫ్రాక్టరీ (పథ్యానికి లొంగని) సీలియాక్ అని అనుమానిస్తారు. అది అరుదు. అందుకే టెన్షన్ పడేముందు వంటింట్లో వెతకండి.

ముందు ఇంగువ డబ్బా తిప్పి చూడండి. చాలా బ్రాండ్లలో గోధుమ పిండో మైదానో కలుపుతారు. హోటల్ సాంబారులో పడేదీ అలాంటిదే కావచ్చు. దోసె అంటే బియ్యం, మినప్పప్పేగా అనుకుంటాం గానీ, అదే పెనం మీద గోధుమ రవ్వ కలిసిన రవ్వ దోసె కూడా పోస్తారు. మావాడు బయట తింటే పెరుగన్నమే, అదీ తాలింపు లేకుండా (మొహం మాడ్చుకునే తింటాడు).

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తగ్గకపోతే గ్యాస్ట్రో డాక్టర్‌ని కలవండి. సీలియాక్‌కి చేసే టీటీజీ రక్తపరీక్ష చేసి, అవసరమైతే మళ్లీ ఎండోస్కోపీ, బయాప్సీ (పేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష) చేస్తారు. రిఫ్రాక్టరీలో రెండు రకాలు; రెండో రకం అని తేలితే పేగు లింఫోమా (ఒక రకం క్యాన్సర్) ముప్పు ఎక్కువ, పెద్ద సెంటర్‌లోనే చూపించాలి. బ్యుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్లు సొంతంగా మొదలుపెట్టకండి, ఆపకండి. కొత్తగా జ్వరం, రాత్రిళ్లు చెమటలు, కడుపునొప్పి వచ్చినా, మలంలో రక్తం కనిపించినా వాయిదా వేయొద్దు. సీలియాక్ ఉన్న కొందరిలో ప్లీహం (స్ప్లీన్) సరిగా పనిచేయదు, కాబట్టి న్యుమోనియా లాంటి ఇన్ఫెక్షన్లు రాకుండా వేసే న్యుమోకాకల్ టీకా గురించి కూడా అడగండి.