విదేశంలో లోకల్ డేటా సిమ్ – 2వ పాఠం: కౌంటర్ వదలక ముందే

మొదటి పాఠం చివర ఇచ్చిన మూడు పనులూ, అంటే ఫోన్ నంబర్లు, లాక్, బ్యాండ్లు చూసుకోవడం, చేసి వచ్చారనుకుని మొదలుపెడదాం. జవాబులు ఒకసారి సరిచూసుకోండి.

డయలర్‌లో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు వచ్చి ఉండాలి. దానితోపాటు 32 అంకెల ఈఐడీ కూడా వస్తే మీ ఫోన్‌లో ఈ-సిమ్‌కు, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్‌కు, చోటు ఉన్నట్టే. రెండోది లాక్, అంటే వేరే కంపెనీ సిమ్ పనిచేయకుండా ఫోన్‌కు వేసే అడ్డు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్ తెరిచి కిందికి వెళ్తే ‘క్యారియర్ లాక్’ ఎదురుగా ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ పనికొచ్చే మెనూ లేదు, వేరే కంపెనీ సిమ్ వేసి చూడటమే నమ్మకమైన పరీక్ష. లాక్ ఉందని తేలితే ప్రయాణానికి ముందే, లాక్ వేసిన కంపెనీతోనే తీయించుకోవాలి. విదేశంలో సిమ్ అమ్మే కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు ఆ అధికారం ఉండదు.

మూడోది బ్యాండ్లు, అంటే టవర్లు వాడే ఫ్రీక్వెన్సీలకు ఇచ్చిన నంబర్లు. అవి మీ ఫోన్‌లోనూ ఉండాలి. యూరప్ వెళ్లేవాళ్లు 3, 7, 20 చూసుకుని ఉంటారు. అమెరికా వెళ్లేవాళ్లు 2, 4, 12, 13, 66, 71 చూసుకుని ఉంటారు. వీటిలో తక్కువ ఫ్రీక్వెన్సీవి, అంటే 800 మెగాహెర్ట్జ్‌లోని 20, 700లోని 12, 13, 600లోని 71 ఎక్కువ దూరం వెళ్తాయి, గోడల్లోంచి కూడా బాగా దూరతాయి. అవి లేని ఫోను నగరం నడిబొడ్డున బాగానే పనిచేసి, ఊరు దాటగానే చేతులెత్తేస్తుంది. అప్పుడు తప్పు సిమ్‌ది అనుకుంటారు, కాదు.

ఇక కౌంటర్ దగ్గరికి.

డబ్బు ఇవ్వకముందు అడగాల్సినవి

ప్లాన్ బోర్డు మీద పెద్ద అక్షరాల్లో జీబీలు ఉంటాయి. మీకు కావలసినది దాని కింద ఉండే చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొదట రోజుల లెక్క అడగండి. ‘7 రోజులు’ అంటే యాక్టివేట్ అయిన క్షణం నుంచి 168 గంటలా, లేక క్యాలెండర్ రోజులా? క్యాలెండర్ లెక్కయితే రాత్రి 11 గంటలకు వేయించుకున్న సిమ్‌లో ఒక రోజు గంటలో అయిపోతుంది. అలాంటప్పుడు సిమ్ ఇప్పుడే కొని, యాక్టివేషన్ అర్ధరాత్రి దాటాక పెట్టుకోవచ్చేమో అడగండి.

‘అన్‌లిమిటెడ్’ అన్న మాట కనబడితే ఎన్ని జీబీల తర్వాత వేగం తగ్గుతుందో, ఎంతకు తగ్గుతుందో అడగండి. 128 కేబీపీఎస్‌కు దిగితే మెసేజ్‌లు వెళ్తాయి కానీ మ్యాపు తెరుచుకునేలోపు మీరు వెళ్లాల్సిన మలుపు దాటిపోతారు. లాప్‌టాప్‌కు నెట్ కావాలంటే హాట్‌స్పాట్‌కు అనుమతి ఉందా అని విడిగా అడగాలి. డేటా ఉన్న ప్రతి ప్లాన్‌లోనూ హాట్‌స్పాట్ ఉండదు.

పక్క దేశానికీ వెళ్తుంటే అక్కడ ఇదే సిమ్ పనిచేస్తుందా? యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక సభ్యదేశంలో కొన్న సిమ్‌ను మిగతా సభ్యదేశాల్లో అదనపు రోమింగ్ చార్జీ లేకుండా వాడుకోవచ్చు. అయితే కంపెనీ అక్కడ వాడే డేటాకు సొంత దేశంలోకన్నా తక్కువ పరిమితి పెట్టవచ్చు. అందుకే జీబీల సంఖ్య రెండు చోట్లా అడిగి తెలుసుకోవాలి. స్విట్జర్లాండ్ ఈ ఏర్పాటులో లేదు. మ్యాపులో చుట్టూ దాదాపు సభ్యదేశాలే ఉండటం చూసి చాలామంది ఇక్కడే మోసపోతారు, రైలు సరిహద్దు దాటిన కాసేపటికే బ్యాలెన్స్ ఖాళీ.

పాస్‌పోర్టు

చాలా దేశాల్లో ప్రీపెయిడ్ సిమ్‌ను కొనేవాళ్ల పేరున నమోదు చేస్తారు. జర్మనీలో 2017 జూలై నుంచి గుర్తింపు పత్రం లేకుండా ప్రీపెయిడ్ సిమ్ యాక్టివేట్ చేయరు. సింగపూర్‌లో ఒక మనిషి పేరున మూడు ప్రీపెయిడ్ సిమ్‌లకు మించి ఇవ్వరు. బ్రిటన్‌లో అసలు నమోదే అక్కర్లేదు. నమోదున్న చోట అసలు పాస్‌పోర్టు చూపించాలి, ఫోన్‌లో తీసుకున్న ఫొటో సాధారణంగా ఒప్పుకోరు. పాస్‌పోర్టును హోటల్ లాకర్‌లో పెట్టి కౌంటర్‌కు రావడం అన్నిటికన్నా ఎక్కువ జరిగే పొరపాటు.

వీధిలో ‘ముందే రిజిస్టర్ చేసిన’ సిమ్ అమ్మేవాళ్లు కనిపిస్తారు. అది ఎవరి పేరునో ఉంటుంది. కంపెనీ ఏరివేతలో అది ఆగిపోతే మీది అని నిరూపించుకునే దారి లేదు. ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ఎక్కువ రోజులు ఉండేవాళ్లకు ఇంకో సంగతి. కొన్ని దేశాల్లో సిమ్‌తో పాటు ఫోన్ ఐఎంఈఐని కూడా చూస్తారు. టర్కీలో విదేశం నుంచి తెచ్చిన ఫోన్‌లో అక్కడి సిమ్ వేస్తే 120 రోజుల వరకే నడుస్తుంది, ఆపైన రుసుము కట్టి నమోదు చేయించాలి. ఇండోనేషియాలో పర్యాటకుల ఫోన్‌కు 90 రోజుల తాత్కాలిక నమోదు ఉంది. ఆగిపోయేది ఫోను కాబట్టి ఆ దేశపు మరో కంపెనీ సిమ్ వేసినా ప్రయోజనం ఉండదు.

సిమ్ వేయడం

ఇప్పుడు అమ్మే కార్డులకు మూడు సైజుల్లోనూ గాట్లు ఉంటాయి. ఇప్పటి ఫోన్లకు కావలసినది అన్నిటికన్నా చిన్నదైన నానో, 12.3 మిల్లీమీటర్లు × 8.8. పెద్ద సైజు దగ్గర విరిచి, కత్తెరతో కోయాలని చూడకండి, ట్రేలో ఇరుక్కుంటుంది. ఫోన్ ఆఫ్ చేసి వేయండి. ట్రే పిన్ను మీ దగ్గర లేకపోతే సన్నటి పేపర్ క్లిప్పు చాలు. తీసిన పాత సిమ్‌ను పాస్‌పోర్టు కవర్‌లో టేపుతో అంటించండి. చిల్లర సంచిలో వేసిన సిమ్ నాణేలతో పాటు ఎక్కడో చెల్లిపోతుంది.

ఆన్ చేయగానే పిన్ అడగవచ్చు. అది సిమ్ విరిచిన పెద్ద కార్డు మీద అచ్చయి ఉంటుంది, కాబట్టి ఆ ప్లాస్టిక్ ముక్కను పారేయకండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ 8 అంకెల పీయూకే, అంటే ఆగిన పిన్‌ను తెరిచే కోడ్ అడుగుతుంది. పీయూకే పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక శాశ్వతంగా పనికిరాదు.

సిగ్నల్ ఉంది, నెట్ లేదు

కౌంటర్ దగ్గర జరిగే గొడవల్లో సగం ఈ ఒక్క వాక్యంలోనే ఉంటాయి. గీతలు నిండుగా ఉంటాయి, ఫోన్ కాల్ కూడా వెళ్తుంది, బ్రౌజర్ మాత్రం తెరుచుకోదు. ఇక్కడ చూడాల్సినవి రెండు: ఏపీఎన్, డేటా రోమింగ్.

ఏపీఎన్ అంటే ఇంటర్నెట్‌లోకి వెళ్లడానికి ఫోను ఏ ద్వారం తట్టాలో చెప్పే పేరు. సాధారణంగా సిమ్‌ను గుర్తుపట్టి ఫోనే నింపుకుంటుంది. నింపుకోకపోతే ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని మొబైల్ నెట్‌వర్క్ కింద ‘యాక్సెస్ పాయింట్ నేమ్స్’, ఐఫోన్‌లో సెల్యులార్ కింద ‘సెల్యులార్ డేటా నెట్‌వర్క్’ తెరవండి. సిమ్ కవర్ మీద ఉన్న పేరును ఏపీఎన్ అన్న గడిలో రాయండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే అవీ రాయండి, మిగతా గడులు ముట్టుకోకండి. కీబోర్డు దయతో చివర చేర్చే ఖాళీ ఒక్కటి చాలు, ఏపీఎన్ తప్పయిపోవడానికి. ఆండ్రాయిడ్‌లో రాశాక పైన మూడు చుక్కల మెనూలో సేవ్ కొట్టి, కొత్త పేరు పక్కన చుక్క పెట్టాలి. ఆ చుక్క మరిచిపోయి అరగంట వెతికేవాళ్లు ఉంటారు. ఐఫోన్‌లో ఆ పేజీయే కనిపించకపోతే పాత కంపెనీ ప్రొఫైల్ అడ్డుపడుతూ ఉండవచ్చు. జనరల్‌లోని ‘వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్’లో ఉందేమో చూసి తీసేయండి. ఆఫీసు పెట్టిన ప్రొఫైల్ అయితే మాత్రం తీయకండి, ఆఫీసు మెయిల్ దానితో పాటే పోతుంది.

ఏపీఎన్ సరిగ్గానే ఉందంటే డేటా రోమింగ్ చూడండి. లోకల్ సిమ్‌కు రోమింగ్ ఏమిటని మీరు అడగవచ్చు. ప్రతి సిమ్‌లో మూడంకెల దేశపు కోడ్, రెండు లేదా మూడంకెల నెట్‌వర్క్ కోడ్ రాసి ఉంటాయి. ఫోను వీటిని టవర్ పంపే కోడ్‌తో పోల్చుకుంటుంది. చిన్న కంపెనీలు కొన్ని సొంత టవర్లు లేకుండా పెద్ద కంపెనీ టవర్లను అద్దెకు వాడుకుంటాయి. వాటి సిమ్ కోడ్ వేరు, టవర్ కోడ్ వేరు కావచ్చు. ఫోనుకు ఆ ఒప్పందం సంగతి తెలియదు, ఇది రోమింగ్ అనుకుని డేటా ఆపేస్తుంది. అలాంటి సిమ్‌కు డేటా రోమింగ్ ఆన్ చేయాల్సిందే.

ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. రెండు సిమ్‌ల ఫోన్‌లో ఆ స్విచ్ పాత సిమ్‌కు పడితే బిల్లు ఇంటికి వస్తుంది. కాబట్టి వరుస ఇదీ: ముందు మొబైల్ డేటాకు లోకల్ సిమ్‌ను ఎంచుకోండి. తర్వాత పాత సిమ్ లైన్‌లోకి వెళ్లి అక్కడ రోమింగ్ ఆఫ్‌లో ఉందని కళ్లతో చూడండి. ఆ తర్వాతే లోకల్ సిమ్ లైన్‌లో ఆన్ చేయండి. సిగ్నల్ తగ్గినప్పుడు డేటాను తనంతట తానే రెండో సిమ్‌కు మార్చే సదుపాయం ఉంటుంది. ఐఫోన్‌లో ‘అలో సెల్యులార్ డేటా స్విచింగ్’, కొత్త ఆండ్రాయిడ్లలో ‘ఆటోమేటిక్ డేటా స్విచింగ్’ వంటి పేరుతో కనిపిస్తుంది. దాన్ని ఆఫ్ చేయండి.

పాత సిమ్‌ను పూర్తిగా ఆపకండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. ఎస్సెమ్మెస్ అందుకోవడానికి డేటా అక్కర్లేదు. ఆ లైన్‌కు వచ్చే ఫోన్ కాల్ ఎత్తితే మాత్రం రోమింగ్ చార్జీ పడవచ్చు. కొత్త నంబరుకు మారతారా అని వాట్సాప్ అడిగితే వద్దనండి.

దీపం ఉండగానే

వైఫై ఆఫ్ చేయండి. విమానాశ్రయాల్లో ఉచిత వైఫై పట్టుకుని ‘పనిచేస్తోంది’ అని బయటికి నడిచేవాళ్లు ఎందరో. ఇంతకుముందు తెరవని వెబ్‌పేజీ ఒకటి తెరవండి, పాతదైతే ఫోన్‌లో దాచుకున్న కాపీ కనిపించవచ్చు. తర్వాత మ్యాపులో ఒక చిరునామా వెతకండి. బ్యాలెన్స్ చూసే కోడ్ అడిగి, కొట్టించి, ప్లాన్ గడువు తేదీ తెర మీద చూసుకోండి. కంపెనీ పంపే సందేశాలు అక్కడి భాషలో వస్తుంటే, మీకు తెలిసిన భాషకు వాళ్లచేతే మార్పించండి. ‘నో సర్వీస్’ వస్తుంటే నెట్‌వర్క్ ఎంపిక ‘ఆటోమేటిక్’లో ఉందో లేదో చూసి, ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. నమోదు పూర్తి కావడానికి సమయం పడుతుందంటే ఎంతసేపో, ఏ మెసేజ్ రావాలో అడిగి, రసీదు మీద కొత్త నంబరు రాయించుకోండి.

అభ్యాసం

ఇంట్లోనే చేయండి. మీ ఫోన్‌లో ఏపీఎన్ పేజీ వెతికి, ఇప్పుడున్న విలువలను కాగితం మీద రాసుకోండి, ఫొటో తీస్తే అది ఫోన్‌లోనే ఉండిపోతుంది. తర్వాత రోమింగ్ స్విచ్ ఏ సిమ్‌కు ఎక్కడుందో వెతకండి. ఈ రెండూ మెనూలో దారి చూసుకోకుండా ఒక నిమిషంలో తెరవగలిగేదాకా చేయండి.

3వ పాఠంలో ఈ-సిమ్: క్యూఆర్ కోడ్‌ను ఎప్పుడు స్కాన్ చేయాలి, ప్రొఫైల్ డిలీట్ చేస్తే ఏమవుతుంది.