పాత మిల్లింగ్ మెషీన్‌కు లైనక్స్‌సీఎన్‌సీ (మెషీన్‌ను కంప్యూటర్‌తో నడిపే సాఫ్ట్‌వేర్) – 5: ఎక్స్ అక్షం ఎందుకు పరుగెత్తింది?

ఈసారి పీఐడీ ట్యూనింగ్, అంటే మోటారు కమాండ్‌ను సరిగ్గా అనుసరించేలా సర్దడం, చెప్పాల్సింది. దాన్ని వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠం చదివి డ్రైవు (మోటారుకు కరెంటు ఇచ్చే పెట్టె) ఆన్ చేసిన వారిలో చాలామందికి టేబుల్ దూసుకెళ్లి లిమిట్ స్విచ్చిని గుద్దిందట. పాత డీసీ సర్వో మోటార్లతో ఇది మామూలే. మామూలు కానిది ఆ తర్వాత మీరు చేసిన పని. ఫాలోయింగ్ ఎర్రర్ (ఉండాల్సిన చోటికీ ఉన్న చోటికీ తేడా) వస్తోందని ఐఎన్ఐ ఫైలులో, అంటే సెట్టింగుల ఫైలులో, దాని హద్దు అయిన ఫెర్రర్ విలువను 1 నుంచి 50కి పెంచారు కొందరు. అంటే టేబుల్ 50 మి.మీ. దారి తప్పేదాకా మెషీన్ ఊరుకుంటుందన్నమాట. మొరుగుతోందని కాపలా కుక్క నోరు కట్టేసినట్టుంది. ముందు ఆ అంకెను మళ్లీ 1 చేయండి.

ఇంకొందరు మోటారు వైర్లు తారుమారు చేశారు. ఇక్కడ కాస్త ఆగాలి. మీ మెషీన్లో లూపులు, అంటే కొలిచి సరిదిద్దే వలయాలు, రెండు. టాకో (మోటారు వేగాన్ని కొలిచే చిన్న జనరేటర్) లూపు డ్రైవు లోపలిది, వేగాన్ని చూస్తుంది. ఎన్‌కోడర్ (మోటారు తిరుగుడును లెక్కించే సెన్సర్) లూపు కంప్యూటర్‌ది, స్థానాన్ని చూస్తుంది. ఏది తిరగబడినా పైకి కనిపించేది పరుగే. ఎన్‌కోడర్ లెక్క గుర్తు (ప్లస్ లేదా మైనస్) తప్పినప్పుడు మోటారు వైర్లు మారిస్తే, బాగున్న టాకో లూపు కూడా చెడుతుంది. ఇక ఐఎన్ఐలో ఏం రాసినా ఆ మోటారు ఆగదు.

విడగొట్టి చూడండి. డ్రైవులు ఆపి, బెల్టు ఉండగానే టేబుల్‌ను జరిపే స్క్రూను చేత్తో తిప్పండి. ఎక్స్ ప్లస్ అంటే కట్టర్ పనిముక్క మీద కుడికి జరగడం, కాబట్టి టేబుల్ ఎడమకు పోవాలి. అప్పుడు తెర మీద స్థానం అంకె పెరగకపోతే ఐఎన్ఐలో ఎన్‌కోడర్ స్కేల్ గుర్తు మార్చండి. మోటారు పుల్లీ తిరిగిన దిక్కు సుద్దతో బాణం గీయండి. (స్కేల్ అంటే మి.మీ.కు ఎన్ని కౌంట్లో. ఎన్‌కోడర్‌కు 2500 గీతలు, నాలుగింతలు, 2:1 బెల్టు, స్క్రూ పిచ్ 10 మి.మీ.: మి.మీ.కు 2000 కౌంట్లు. ఈ లెక్క మళ్లీ చెప్పను.)

ఇప్పుడు బెల్టు తీసేయండి. కంప్యూటర్ కార్డు నుంచి వచ్చే కమాండ్ వైర్లు ఊడదీసి, డ్రైవు కమాండ్ టెర్మినళ్లు రెండూ కలిపి డ్రైవు ఆన్ చేయండి. వేలు ఎమర్జెన్సీ స్టాప్ మీదే ఉండాలి, అది కాంటాక్టర్ (పవర్ రిలే) ద్వారా సర్వో పవర్‌ను నేరుగా తెంచేదై ఉండాలి. మోటారు పరుగెత్తితే టాకో వైర్లు తిరగబడ్డాయి లేదా తెగాయి. మెల్లగా పాకితే డ్రైవు మీది ఆఫ్‌సెట్ స్క్రూను సర్దితే సరిపోతుంది.

నిలకడగా ఉంటే కలిపిన తీగ తీసి, అదే టెర్మినళ్లకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తగిలించండి, ప్లస్‌కు ప్లస్. సిగ్నల్ జనరేటర్ ఉన్నా నేను సెల్లే వాడతాను, దాంతో పొరబాటున 10 వోల్టులు పోవు. 10 వోల్టులకు 2000 ఆర్‌పీఎం తిరిగే మోటారు 300 దగ్గర తిరుగుతుంది. బాణం వైపు తిరిగితే సరే. ఎదురు తిరిగితే ఐఎన్ఐలో అవుట్‌పుట్ స్కేల్ (డ్రైవుకు పంపే వోల్టేజీది) గుర్తు మార్చండి, అదొక్కటే.

పరుగు లేకుండా టేబుల్ తప్పుడు దిక్కుకు పోతుంటే మాత్రం ఎన్‌కోడర్, అవుట్‌పుట్ స్కేళ్ల గుర్తులు రెండూ ఒకేసారి మార్చాలి.

అభ్యాసం: వై, జడ్ కూడా ఇలాగే చేయండి. వై ప్లస్‌లో టేబుల్ మీ వైపు వస్తుంది. జడ్ బెల్టు తీసే ముందు హెడ్ (కట్టర్‌ను పట్టుకునే పై భాగం) కింద బలమైన చెక్క దిమ్మె పెట్టండి. బ్రేకు మోటారులోనే ఉంటే, బెల్టు తీసిన వెంటనే హెడ్‌ను పట్టి ఉంచేది ఆ దిమ్మె ఒక్కటే.