పాతింటికి కొత్త మెట్లు – 3వ పాఠం: ఎత్తు కొలవడం, మెట్లు పంచడం

పోయిన పాఠంలో పాత చెక్క మెట్లు విప్పేసి, మేడ కంత (మెట్లు పైకి చేరే ఖాళీ) చుట్టూ దూలాలకి ఆసరా కర్రలు పెట్టాం. ఈసారి రంపం ముట్టుకోం. టేపు, రసమట్టం, ఓ పొడవాటి తిన్నని బద్ద ఉంటే చాలు.

ముందు ఎత్తు. కింద గచ్చు నుంచి పైన మేడ నేల దాకా, నడిచే మట్టం నుంచి నడిచే మట్టానికి కొలవాలి. గోడ పక్కన కొలిస్తే లెక్క తప్పుతుంది. మన డెల్టా నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. ఎనభై, తొంభై ఏళ్ళ మండువా ఇంట్లో గచ్చు ఒకే మట్టంలో ఉంటుందని నమ్మొద్దు. మొదటి మెట్టు ఎక్కడ ఆనుతుందో అక్కడ కొలిచి, ఆ కొలతని బద్ద మీద గీయండి. ఇక నుంచి ఆ బద్దే మీ కొలకర్ర. టేపు పట్టేవాళ్ళు మారితే కొలత మారుతుంది, బద్ద మీద గీత మారదు.

మన ఉదాహరణలో ఎత్తు 10 అడుగుల 3¼ అంగుళాలు, అంటే 123¼ అంగుళాలు. చాలామంది "మెట్టు 7 అంగుళాలు" అని ముందే అనుకుని కింద నుంచి కట్టుకుంటూ పోతారు. చివర్లో 4 అంగుళాల పిల్ల మెట్టు మిగులుతుంది. తిరగేసి చేయాలి. 123¼ని 17తో భాగిస్తే సరిగ్గా 7¼, వడ్రంగి లెక్కలో 7 అంగుళాల 2 నూళ్లు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు). నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్ళకి 190 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. మనది 184. బేసి సంఖ్య కూడా, పెద్దవాళ్ళతో పేచీ లేదు.

మెట్టు కాస్త ఎక్కువ ఎత్తైనా కాలు అలవాటు పడుతుంది. తేడాకి మాత్రం అలవాటు పడదు. రెండు మెట్లు ఎక్కాక కళ్ళు కిందకి చూడవు, కాలే లెక్క కడుతుంది. అందుకే ఏ రెండు మెట్ల మధ్యా పావంగుళం తేడా కూడా రానివ్వకండి.

ఇప్పుడు కాలు పెట్టే పలక వెడల్పు. రెండు మెట్ల ఎత్తు, ఒక పలక వెడల్పు కలిపితే 24, 25 అంగుళాల మధ్య రావాలి. 14½కి 10 కలిపితే 24½. బాగుంది. కానీ ఆఖరి ఎత్తు మేడ నేల మీదకే కాబట్టి 17 ఎత్తులకి 16 పలకలు, మొత్తం 13 అడుగుల 4 అంగుళాల పొడవు. పాత మెట్లు 12 ఎత్తులే, ఒక్కోటీ పదంగుళాల పైమాటే, పలక 9 అంగుళాలే. అందుకే 8 అడుగుల 3 అంగుళాల్లో ఇమిడాయి. ఆ నిటారు మెట్ల మీద మామ్మగారు దిగుతుంటే ఇంట్లో అందరికీ టెన్షనే.

కాబట్టి మూల తిప్పుదాం. 5 పలకలు ఎక్కగానే ఆరో మెట్టుగా 3 అడుగుల చదరపు ల్యాండింగ్, అక్కడి నుంచి మిగతా 11 ఎత్తులు. ఒక గోడకి 7 అడుగుల 2 అంగుళాలు, రెండో గోడకి 11 అడుగుల 4 అంగుళాలు పడుతుంది. వెడల్పు 3 అడుగులకి తగ్గించకండి. ఇనప బీరువా పైకెక్కాల్సిన రోజు తెలుస్తుంది.

తల సంగతి మర్చిపోవద్దు. పలక నుంచి పైకప్పు దాకా 2.2 మీటర్లు ఉండాలి. పాత కంత నిటారు మెట్లకి కోసింది, ఇప్పుడు చాలదు. ఐదో మెట్టు నుంచి పైన ఖాళీ కావాలి. పై వరుసని దూలాల వెంబడే నడిపిస్తే కంత వాటి మధ్య నుంచే పొడిగించొచ్చు. అడ్డంగా నడిపితే దూలం కోయాలి. ఆ పని ఇంజనీర్ చూడకుండా చేయొద్దు.

చివరగా, పక్క బల్లల (పలకల్ని రెండు వైపులా మోసే ఏటవాలు బల్లల) అడుగు. మెట్ల ఆకారం 7¼ చొప్పున కోసి, మీద 1¼ అంగుళం పలక వేస్తే కింది మెట్టు 8½ అవుతుంది, పైది 6కి పడిపోతుంది. ఆ 1¼ని ముందే బల్ల అడుగున కోసేయాలి. కోత తేలికే, గుర్తుండటమే కష్టం.

లంక ఊళ్ళ వాళ్ళకి ఇంకో మాట. గోడ మీద 1986 ఆగస్టు గోదావరి వరద గీత ఉంటే దాని కంటే పైన మెట్లు పెట్టలేం, కానీ కర్రని గచ్చు మీద ఆనించకుండా ఉండొచ్చు. మొదటి మెట్టు ఇటుక, సిమెంటుతో కట్టి, బల్లలు దాని మీద తారు పూసి ఆనించండి. చెమ్మ, చెద రెండూ ఎక్కేది అడుగు నుంచే.

వచ్చే పాఠం కర్ర ఎంపిక: టేకా, వేపా, పాత దూలాల కర్రా. ఈలోగా కొలకర్ర మీద 17 గీతలూ గీసి, గోడకి ఆనించి చూసుకోండి. పై గీత మేడ నేలతో కలవకపోతే మళ్ళీ కొలవండి.