పాఠం 4: లక్కీ డ్రాలో స్కూటర్ తగిలింది, పన్ను సంగతేంటి?

పోయిన పాఠంలో కాసినోలో గెలిచిన నగదు లెక్క చేశాం. నగదైతే 30 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుని మిగతాది చేతిలో పెడతారు. వస్తువు దగ్గరే చిక్కంతా.

మా స్నేహితుడు ఒకడు హైదరాబాద్ నుంచి గోవాలోని కాసినోకి వెళ్లి, మాండవి నది ఒడ్డునుంచే ఫోన్ చేశాడు. "రేయ్, డ్రాలో స్కూటర్ వచ్చింది, కానీ 36 వేలు కడితేనే తాళాలిస్తారట, మోసమేమోరా!" మోసం కాదు. బహుమతి మొత్తం వస్తువే అయినప్పుడు, పన్ను కట్టారని తేల్చుకున్నాకే దాన్ని వదలాలని చట్టం కాసినోకి చెబుతుంది. "డ్రాకి ఎంట్రీ ఫ్రీ కదా" అనే వాదన నిలవదు, ఎందుకంటే పథకానికి ఏ పేరు పెట్టినా సరే, అదృష్టం మీద ఇచ్చే బహుమతిని ఆదాయపు పన్ను చట్టం లాటరీ కిందే చూస్తుంది.

లెక్క చూడండి. స్కూటర్ విలువ 1,20,000. అందులో 30 శాతం, అంటే 36,000 ముందే కట్టాలి. రిటర్న్ వేసేటప్పుడు 4 శాతం సెస్ (పన్ను మీద వేసే అదనపు పన్ను) కలిపితే పన్ను 37,440 అవుతుంది కాబట్టి ఇంకో 1,440 మిగిలే ఉంటుంది. మా వాడు ఆ రాత్రి చిప్స్ (కాసినోలో డబ్బుకి బదులు వాడే బిళ్లలు) మీద 40 వేలు పోగొట్టుకున్నాడు, అది ఇందులోంచి తీసేయడానికి లేదు. ఆదాయం తక్కువైనా బేసిక్ మినహాయింపు (ఇంత ఆదాయం దాకా పన్ను లేదనే పరిమితి) దీనికి వర్తించదు. చాలామందికి మింగుడుపడనిది ఇదే.

"చిప్స్ కొన్నప్పుడు జీఎస్టీ కట్టాం కదా" అనకండి, అది వేరు. 2023 అక్టోబర్ 1 నుంచి 28 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం, చిప్స్ కొనడానికి పెట్టిన డబ్బు మీద.

2025 ఏప్రిల్ నుంచి ఒక్కో గెలుపు 10,000 దాటితేనే టీడీఎస్. 9,000 ఫోన్ వస్తే టీడీఎస్ ఉండదు, రిటర్న్‌లో మాత్రం చూపాల్సిందే.

డబ్బు కట్టేముందు స్కూటర్ ఇన్వాయిస్ చూపించమనండి, కట్టాక రసీదు తీసుకోండి, టీడీఎస్ సర్టిఫికెట్ అడగండి, తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో మీ పాన్ కింద ఆ మొత్తం పడిందో లేదో మీరే చూసుకోండి. అసలు డ్రాలోనే లేని మీకు ఎవరో ఫోన్ చేసి "గెలిచారు, పన్ను పంపండి" అంటే మాత్రం ఒక్క రూపాయి కూడా పంపొద్దు.

అభ్యాసం: 6 లక్షల కారు, 1 లక్ష నగదు కలిపి వచ్చాయి. నగదు అంతా టీడీఎస్‌కి పోయినా ఇంకెంత జేబులోంచి కట్టాలి? మీకు 1,10,000 వస్తే ఐదో పాఠానికి రండి.