సిజేరియన్ కోతకు పీఆర్‌పీ తయారుచేసే పద్ధతి

మధుమేహం, ఊబకాయం ఉన్న తల్లులకు సిజేరియన్ గాయం మానడం ఆలస్యమవుతుంది. పీఆర్‌పీ (తల్లి రక్తం నుంచే తీసే, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ప్లాస్మా) సాయపడేది ముఖ్యంగా వీళ్లకే. ప్లేట్‌లెట్లు లక్షలోపు ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా వద్దు.

రక్తాన్ని గడ్డకట్టనివ్వని సిట్రేట్ ఉన్న ట్యూబుల్లోకి 21 గేజ్ సూదితో 20 మి.లీ. రక్తం తీయండి. సన్న సూదితో గట్టిగా లాగితే ప్లేట్‌లెట్లు ముందే ఉత్తేజితమై గడ్డకడతాయి. సెంట్రిఫ్యూజ్‌లో 200 జి (గురుత్వ బలానికి 200 రెట్లు) వద్ద 10 నిమిషాలు తిప్పండి. చాలాచోట్ల తప్పు ఇక్కడే: జి అంటే ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) కాదు, రోటర్ (ట్యూబులను తిప్పే భాగం) వ్యాసార్థంతో లెక్కకట్టాలి. పసుపు ప్లాస్మాను, దాని కిందున్న పలుచని తెల్లపొరను స్టెరైల్ ఖాళీ ట్యూబులోకి తీసి, 400 జి వద్ద మరో 10 నిమిషాలు తిప్పండి. పైనున్న మూడింట రెండు వంతులు తీసేసి, మిగిలింది మెల్లగా కలపండి. సుమారు 3 మి.లీ. వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

రక్తస్రావం పూర్తిగా ఆగాకే, పీఆర్‌పీ మి.లీ.కు 0.1 మి.లీ. చొప్పున, దాన్ని జెల్‌గా మార్చే 10% కాల్షియం క్లోరైడ్ కలిపి, చర్మం కుట్టే ముందు కొవ్వు పొరపై పరచండి. తడి గాయంలో జెల్ నిలవదు, కొట్టుకుపోతుంది.