పెద్ద మట్టి బొమ్మలు – 5వ పాఠం: పేల్చింది గాలి బుడగ కాదు

పోయినసారి ఆవంలో, అంటే మట్టి కాల్చే బట్టీలో, మనం కట్టిన ఎన్ని మట్టి పొట్టేళ్ల పొట్టలు పేలాయో చూశాను. గుణుపూర్ నుంచి ఒకాయన మూడడుగుల బొమ్మ పెంకులన్నీ గోనెసంచిలో కట్టుకుని పర్లాకిమిడి దాకా మోసుకొచ్చారు. అందుకే ఈసారి మెడ, తల కట్టడం ఆపేస్తున్నాను. మట్టి తొక్కడం, ఊక కలపడం, చుట్ట మీద చుట్ట పేర్చడం మీకు వచ్చు.

ఆయన పెంకు మందం రెండంగుళాలు. "లోపల గాలి బుడగ ఉండిపోయిందండీ" అన్నారు. మీలో చాలామంది మాటా అదే. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గాలి వేడెక్కితే కాస్త ఉబ్బుతుంది, మట్టి సందుల్లోంచి బయటికి పోతుంది. నీరు ఆవిరైతే 1600 రెట్లు ఉబ్బుతుంది. దానికి దారి చాలదు, గోడను చీల్చుకుని వస్తుంది. పూర్తిగా ఎండిన ముద్దలో బుడగ ఉన్నా ఏమీ కాదు. తడి ఉంటే బుడగ లేని ఇటుక కూడా పేలుతుంది. బుడగల భయంతో మట్టిని పూటంతా పిసికి, నాలుగో రోజే నిప్పు పెడితే ఏం లాభం?

పైన తెల్లబడితే ఎండినట్టు కాదు. నేనైతే చెంపకు ఆనించి చూస్తాను, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ముసురులో అదీ మోసం చేస్తుంది. మీరు మాత్రం అదే మట్టితో, అదే మందంలో ఒక ముక్క చేసి బొమ్మ పక్కనే ఉంచండి. రోజూ కాటా మీద తూచండి. వరసగా మూడు రోజులు బరువు తగ్గకపోతేనే ఆవం మాట.

మనం అనుసరిస్తున్నది కడప జిల్లా శంఖవరంలో దొరికిన ఇనుపయుగపు మట్టి శవపేటికను, పొట్టేలు రూపంలో ఉన్నదాన్ని. దాని కింద వరసగా కాళ్లున్నాయి. ఆ కాళ్ల వల్ల మన బొమ్మ పొట్ట కిందా గాలి ఆడుతుంది. కొందరు దాన్ని సిమెంటు గచ్చు మీద పొట్ట ఆనేలా పడుకోబెట్టి ఆరబెట్టారు! ఇటుకల మీద నిలబెట్టండి.

నిప్పు మొదట సన్నటి సెగే. పొగ కంత దగ్గర అద్దం ముక్క పట్టండి. మసకబారినంతసేపూ కట్టెలు పెంచవద్దు. 573 డిగ్రీల దగ్గర ఇసుక రేణువులు హఠాత్తుగా ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటాయి. కాబట్టి ఆవం మర్నాటిదాకా విప్పవద్దు.

అభ్యాసం: రెండంగుళాల ఇటుకలు మూడు చేయండి. ఒకదాని నడుమ కావాలనే నిమ్మకాయంత బోలు మూసేయండి. అదీ, బోలు లేని ఇంకొకటీ బరువు నిలిచేదాకా ఎండనివ్వండి. మూడోది తడిగానే. మూడింటినీ ఒకే ఆవంలో, మధ్య పెంకులు అడ్డుపెట్టి కాల్చండి. ఏది పేలిందో ఫొటో పంపినవారికే మెడ కట్టడం చెబుతాను.