ఇంట్లో ఒపెరా వీడియో చూడటం ఎలా: పద్యనాటకం అలవాటున్నవాళ్ల కోసం

నెల్లూరు టౌన్‌హాల్లోనో, ఒంగోలు చుట్టుపక్కల తిరునాళ్ల పందిట్లోనో తెల్లవార్లూ కూర్చుని పద్యనాటకం చూసినవాళ్లకి ఒపెరా, అంటే పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం, చూడటం కష్టమేమీ కాదు. కథ ముందే తెలిసి ఉంటుంది, పాత్ర పాట ఎత్తుకోగానే కథ కాసేపు ఆగుతుంది, గొంతు బాగుంటే జనం చప్పట్లతో ఆట ఆపేస్తారు. ఇవన్నీ మనకి చిన్నప్పటి నుంచి తెలిసినవే. అయినా మనవాళ్లు యూట్యూబులో ఎక్కడో మధ్యలోంచి ఒక ముక్క పెట్టుకుని, రెండు నిమిషాలకే "ఏందబ్బా ఈ అరుపులు" అని కట్టేస్తారు. రాయబారం కథ తెలియనివాడికి కృష్ణుడి పద్యం ఒక్కటి వినిపిస్తే వాడూ అదే అంటాడు కదా.

అందుకే మొదట ఒక్క ఒపెరా తీసుకోండి, అది కూడా ఇటలీ సంగీతకర్త వెర్డి రాసిన లా ట్రావియాటా. 1853లో వెనిస్‌లో మొదటిసారి ఆడినప్పుడు సరిగా నడవలేదు గానీ, తర్వాత ప్రపంచమంతా ఆడింది. కథ నాలుగు ముక్కల్లో: పారిస్‌లో వియోలెట్టా అనే వేశ్య, క్షయ జబ్బు మనిషి. ఆల్ఫ్రెడో అనే కుర్రాడు ప్రేమిస్తాడు, ఇద్దరూ పల్లెలో కాపురం పెడతారు. అతని తండ్రి వచ్చి, నీ వల్ల నా కూతురి పెళ్లి ఆగిపోతోంది, వాణ్ణి వదిలెయ్యమని అడుగుతాడు. ఆమె వదిలేస్తుంది, కారణం చెప్పదు, అతను నలుగురిలో ఆమెని అవమానిస్తాడు, నిజం తెలిసి తిరిగొచ్చేసరికి ఆమె చావుబతుకుల్లో ఉంటుంది. చింతామణి నాటకం చూసిన ఊళ్లలో ఇంతకంటే వివరించాల్సిన పని లేదు. ఈ నాలుగు ముక్కలూ ఇంట్లోవాళ్లకి కూడా ముందే చెప్పండి, ఎందుకంటే డిస్కుల్లో ఇంగ్లిష్, జర్మన్, ఫ్రెంచ్ సబ్‌టైటిల్స్ ఉంటాయి గానీ తెలుగు కోసం వెతకడం దండగ.

ఇక ఏ వీడియో కొనాలి అన్నది. ఇక్కడే జనం తికమకపడతారు, ఎందుకంటే ఒకే ఒపెరాకి బోలెడు వీడియోలుంటాయి, అవన్నీ ఒక జాతివి కూడా కావు. కొన్ని సినిమాలు, అంటే పాట ముందే స్టూడియోలో రికార్డు చేసి, సెట్లు వేసి, నటులు పెదాలు కదిపితే తీసినవి. ఇటలీ దర్శకుడు జెఫిరెల్లి 1982లో తీసిన ట్రావియాటా అలాంటిదే. థెరెసా స్ట్రాటాస్, ప్లాసిడో డొమింగో చేశారు, చూడటానికి కళ్లు చాలవు. కానీ అక్కడక్కడా సంగీతానికి కోత పెట్టారు, పైగా గాయకురాలు ఊపిరి పట్టి కష్టపడే దృశ్యం మీకు దొరకదు. రెండో రకం, నిజంగా జనం ముందు ఆడుతుంటే కెమెరాలు పెట్టి తీసినవి. వీటిలో కూడా చాలావాటిని రెండు మూడు రాత్రుల ప్రదర్శనల నుంచి ఏరి కలుపుతారు, అందులో మోసమేమీ లేదు.

నా సలహా: మొదట 1994లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో తీసినది చూడండి. షోల్టి సంగీతం నడిపారు, ఆంజెలా గెయోర్గియు వియోలెట్టా. ఈ ప్రదర్శన కోసం బీబీసీ తన కార్యక్రమాలు పక్కన పెట్టి ప్రసారం చేసింది. వేషాలు, ఇళ్లు అన్నీ కథ జరిగే కాలానివే కాబట్టి కొత్తవాళ్లకి దారి తప్పదు. అది నచ్చాకే ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో 2005లో తీసిన వీడియో పట్టండి. విల్లీ డెకర్ దర్శకత్వంలో వేదిక మీద వంపు తిరిగిన గోడ, ఒక పెద్ద గడియారం, ఎర్ర గౌనులో అన్నా నెత్రెబ్కో, ఆమెని కనిపెట్టుకుని ఉండే ఒక ముసలాయన, అంతే. కథ తెలియకుండా చూస్తే ఏమీ అర్థం కాదు, తెలిసి చూస్తే ఆ గడియారాన్ని చూసినప్పుడల్లా మనకే టెన్షన్.

డిస్కు కొనేముందు వెనక అట్ట మీద రీజియన్, అంటే ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే కోడ్, చూడండి. డీవీడీలో మన దేశానిది 5, బ్లూరేలో సి. ఒపెరా డీవీడీలు చాలావరకు 0 కోడ్‌తో, అంటే ఎక్కడైనా ఆడేలా వస్తాయి గానీ నమ్మకం పెట్టుకోకుండా చూసుకోవడమే మేలు. డిస్కు గొడవే వద్దనుకుంటే ఒపెరావిజన్ వాళ్లు యూరప్ థియేటర్ల ప్రదర్శనలు ఉచితంగా యూట్యూబులో పెడతారు, సబ్‌టైటిల్స్‌తో సహా. కొన్ని నెలలకి తీసేస్తారు కాబట్టి కనబడ్డప్పుడే చూసెయ్యాలి.

టీవీ సంగతి. సెట్టింగుల్లోకి వెళ్లి బొమ్మని నున్నగా చేసే మోషన్ ఆప్షన్ ఆపండి, లేకపోతే వేదిక సీరియల్ సెట్‌లా కనిపిస్తుంది. హోమ్ థియేటర్ లేకపోతే డిస్కు మెనూలో స్టీరియో ట్రాక్ ఎంచుకోండి, ఆరు స్పీకర్ల కోసం చేసిన 5.1 ట్రాక్ పెట్టుకుని టీవీ స్పీకర్లలో వినకండి. టీవీ స్పీకర్లకి పై స్థాయి ఆడగొంతు పడదు, కీచుమంటుంది, మనవాళ్లు అరుపులనేది సగం అందువల్లే. పాత స్టీరియో సెట్టు ఉంటే దానికి కలపండి, అదీ లేకపోతే ఓ మంచి హెడ్‌ఫోన్ చాలు. ఇంకొకటి, ట్రావియాటా మొదట్లో వయొలిన్లు వినీ వినపడనట్టు మొదలవుతాయి. వినపడటం లేదని సౌండ్ పెంచారో, తెర లేవగానే పార్టీ సంగీతం విరుచుకుపడి పక్కింటివాళ్లు కూడా ఉలిక్కిపడతారు. సౌండ్ ఆ పార్టీని బట్టి పెట్టుకుని వెనక్కి తిప్పి మొదలుపెట్టండి.

మొత్తం రెండుంబావు గంటలకి అటూ ఇటూ ఉంటుంది. ఒక్క బిగిన చూడక్కర్లేదు, మొదటి అంకం అరగంట, అక్కడ ఆపి టీ తాగొచ్చు. రెండో అంకంలో తండ్రి వచ్చిన దగ్గర్నుంచి మాత్రం ఫోన్ పక్కన పెట్టండి. దాదాపు ఇరవై నిమిషాలు ఇద్దరే మనుషులు, అడిగేవాడూ ఇచ్చేదీ. మొదట గట్టిగా ఎదిరించిన మనిషి ఎక్కడ మెత్తబడుతుందో గొంతులోనే తెలుస్తుంది, సబ్‌టైటిల్ చూడకుండా పట్టుకోవడానికి ప్రయత్నించండి. ఈ ఒక్క ఘట్టాన్ని లండన్ వీడియోలోనూ సాల్జ్‌బర్గ్ వీడియోలోనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఒకే హరిశ్చంద్రుడి కాటిసీను ఇద్దరు నటుల దగ్గర చూసి వాదించుకున్న మనవాళ్లకి ఇక ఎవరూ నేర్పక్కర్లేదు. మూడో అంకంలో వియోలెట్టా ఉత్తరం చదివేటప్పుడు పాడదు, వచనంలో చదువుతుంది, వెనక వయొలిన్ మీద పాత ప్రేమ పాట సన్నగా వస్తుంటుంది. అక్కడ ఎవరు ఎలా చదివారో కూడా చూసుకోండి, కొందరు ఏడుపు ఎక్కువ చేసి పాడుచేస్తారు.

తర్వాత ఏది అంటే కార్మెన్. ఫ్రాన్సెస్కో రోసి 1984లో స్పెయిన్‌లో ఆరుబయట తీసిన సినిమా, ఎండా దుమ్మూ కనబడతాయి, పిల్లలు కూడా కూర్చుంటారు. వాగ్నర్ రింగ్ మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి, నాలుగు ఒపెరాలు కలిపి పదిహేను గంటల వరకు ఉంటుంది. జర్మనీలోని బైరాయిట్‌లో షేరో దర్శకత్వం చేసి, బూలెజ్ సంగీతం నడిపింది డిస్కుల మీద దొరుకుతుంది, దాన్ని సంక్రాంతి సెలవులకి అట్టిపెట్టుకోండి, రోజుకొకటి.